రంగం నుంచి వచ్చిన తపాలా బిళ్ళలు

మా వైపు పాత ఇళ్ళలో ట్రంకు పెట్టె తీస్తే అడుగున ఓ రేకు డబ్బా, అందులో గడ్డం రాజు బొమ్మ ఉన్న తపాలా బిళ్ళలు దొరకడం మామూలే. అమ్మితే ఎంతొస్తుందని పిల్లలు వెంటనే అడుగుతారు. రేటు మాట తరవాత. ముందు ఆ బిళ్ళ మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాలతో ‘బర్మా’ అని అచ్చు వేసి ఉందేమో చూడండి. ఉంటే అది రంగం నుంచి వచ్చిన ఉత్తరానిది.

రంగం అంటే రంగూన్. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు ఓడెక్కి రేవు పనులకీ, బియ్యం మిల్లులకీ వెళ్ళేవారు. 1931 లెక్కల నాటికి ఆ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే. అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. ఆ పిలుపులో గౌరవమేం లేదు లెండి. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, దాని వెంట జరిగిన అల్లర్లలో చాలామంది ప్రాణాలు పోయాయి.

1937 ఏప్రిల్ 1న బర్మా మన దేశం నుంచి విడిపోయింది. ఆ రోజు నుంచి మన ఐదో జార్జి బిళ్ళల మీదే ‘బర్మా’ అని అచ్చేసి అక్కడ అమ్మారు. 1938లో ఆరో జార్జి బొమ్మతో వాళ్ళకి సొంత బిళ్ళలొచ్చాయి. ఈయనకి గడ్డం లేదు, గుర్తుపట్టడం సులువే.

చిక్కంతా 1937కి ముందువాటితో. అప్పుడు ఇక్కడా అక్కడా ఒకటే బిళ్ళ. అది రంగం నుంచి వచ్చిందో, పక్కనున్న విజయనగరం నుంచి వచ్చిందో రాజుగారి మొహం చూస్తే తెలీదు. పోస్టాఫీసు ముద్రే చెప్పాలి. ఆ ముద్ర సగం బిళ్ళ మీదా, సగం కవరు మీదా పడుతుంది. కవరు వెనకాల ఇక్కడికి చేరిన తేదీతో ‘విజగపటం’ ముద్ర కూడా ఉండొచ్చు. రెండు తేదీలూ లెక్కేస్తే ఉత్తరం ఎన్నాళ్ళు సముద్రం మీదుందో తెలుస్తుంది. నీళ్ళలో నానబెట్టి బిళ్ళ ఒలిచేస్తే ఇదంతా పోతుంది. ఆల్బం కోసం అలా ఒలిచేసినవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మార్చిలో ఊరు జపాన్ వాళ్ళ చేతికి పోయింది. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీదా బాంబులు పడ్డాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. లక్షల మంది అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు, దారిలో ఎందరో పోయారు. జపాన్ కాలంలో బర్మా బిళ్ళల మీద నెమలి ముద్ర వేశారు. అలాంటిది మీ డబ్బాలో ఉంటే టపాలో వచ్చింది కాదు, తరవాతెవరో చేత్తో తెచ్చి ఉంటారు. నెమలి ముద్రలకి నకిలీలు కూడా బోలెడు, జాగ్రత్త.

1945లో మిలిటరీ పాలన అని సూచించే పొట్టి ఇంగ్లీషు అక్షరాలు వేసిన బిళ్ళలొచ్చాయి. అలాంటి బిళ్ళతో ఇంటికి కవరు చేరిందంటే, మూడేళ్ళ తరవాత అక్కడ మనిషి బతికున్నాడన్న కబురు చేరినట్టు.

మామూలు రకాలకి బజార్లో పెద్ద రేటేం రాదు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది కదా, అక్కడ పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఇప్పటికీ ఇలాంటి కవర్లు ఉండొచ్చు. మీ దగ్గరున్న కవరు మీద తేదీ 1941 చివరిదైతే, బిళ్ళ సంగతి పక్కన పెట్టి లోపలి కాగితం చదవండి.