పొరుగుమాట - న్యాయబలము

ఇరుగుపొరుగు రైతులు గట్టుమీద నిలిచి నోటిమాటగా చేసికొనిన ఒప్పుదల న్యాయస్థానమున నిలుచునా? ఈ ప్రశ్నకు గోదావరి పశ్చిమ డెల్టా చక్కని ఉదాహరణము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరు కాలువ క్రింద మాగాణము విస్తరించెను. కాలువనీరు దూరపు మడికి అందవలెనన్న పైవాని పొలములో బోదె యుండవలెను. కొల్లేటివైపు మురుగుబోదె త్రవ్వవలెనన్న క్రిందివాడు సమ్మతింపవలెను. ఈ సమ్మతి తరచుగా కాగితమున కెక్కదు.

మన ప్రాచీన వ్యవహారశాస్త్రము వ్రాతనే కోరలేదు. యాజ్ఞవల్క్యస్మృతి లిఖితముతోపాటు భుక్తిని, సాక్షులను ప్రమాణములుగా గ్రహించినది. పొలిమేర తగవులను తీర్చువారిలో ‘సామంతులు’ ముఖ్యులు. ఆ శబ్దమునకు అచ్చట పొరుగువారనియే అర్థము. యజమాని చూచుచు మాటాడకుండగా ఇతరుడు 20 ఏండ్లు భూమి ననుభవించినచో హాని కలుగునని ఆ స్మృతి చెప్పినది. ఆ హాని ఫలమునకే గాని స్వామ్యమునకు కాదని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు సమర్థించెను. ఆ మితాక్షరనే 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరము’గా తెనిగించెను.

1872 నాటి భారత ఒప్పందముల చట్టము సైతము సామాన్యముగా వ్రాతను నిర్బంధింపదు. అర్హులైనవారి స్వేచ్ఛాసమ్మతి, న్యాయసమ్మతమైన ఉద్దేశము, ప్రతిఫలము ఉండవలెను. “నీ పొలమున బోదె నిమ్ము, ఏటేట పూడిక నేను తీసెదను” అని ఇరువురును కట్టుబడ నెంచినచో అది ఒప్పందమే. “పోనీ, నీరు పెట్టుకో” అన్న మాటలో ప్రతిఫలము లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ననుసరించి అది అనుమతి మాత్రమే. ఇచ్చినవాడు దానిని ఉపసంహరింపవచ్చును. పొలము అమ్ముడుపోయినచో కొన్నవానిని అది బంధింపదు. ఆ మాటను నమ్మి స్వంత ఖర్చుతో శాశ్వత నిర్మాణము చేసినచో మాత్రము, ఇచ్చినవాడు దానిని ఉపసంహరింపజాలడు.

ఇచ్చట నొక విశేషము గమనింపదగియున్నది. అడుగకయే, హక్కుగా, బహిరంగముగా, నిరాటంకముగా 20 ఏండ్లు నీరు పారించుకొన్నవానికి అదే చట్టము శాశ్వతమైన హక్కు నిచ్చును. మర్యాదగా అడిగి పారించుకొన్నవానికి ఎన్ని ఏండ్లు గడచినను ఆ హక్కు రాదు. స్మృతిలోని 20 ఏండ్లు యజమాని మౌనమును పరీక్షించెను; చట్టములోని 20 ఏండ్లు అనుభవించువాని పట్టుదలను పరీక్షించుచున్నవి. కావున పొరుగుమాట చెల్లదనుట సరికాదు. పూడిక తీయుట వంటి ప్రతిఫలము మాటతో జతపడినప్పుడే అది ఒప్పందమగుచున్నది. అట్టిది లేనిచో, పొలము చేతులు మారిననాడు ఎండునది అడిగి నీరు తెచ్చుకొన్నవాని మడియే.