వీపీపీలో పంపబడును

క్యాష్ ఆన్ డెలివరీ అనగానే ఫ్లిప్‌కార్ట్ గుర్తొస్తుంది. 2010లో వాళ్ళు అది మొదలుపెట్టారు, కార్డు లేనివాళ్ళూ, కార్డుండీ నెట్‌లో వాడటానికి భయపడేవాళ్ళూ కొనడం మొదలెట్టారు. స్టార్టప్ కథల్లో ఇదొక పురాణం. ఆ పురాణానికి 133 ఏళ్ళ ముందే, 1877లో, మన తపాలాశాఖ ఇదే పని మొదలుపెట్టింది. పేరు వాల్యూ పేయబుల్ పోస్ట్. పాత తెలుగు పత్రికలు తిరగేసినవాళ్ళకి వీపీపీ అన్న మాట కొత్త కాదు. అమెరికా తపాలాలో ఈ సౌకర్యం 1913లో వచ్చింది. బ్రిటన్‌లో దేశం లోపలి పార్సిళ్ళకి 1926 దాకా రానే లేదు.

పద్ధతి సులువే. అమ్మేవాడు పార్సిల్ మీద ధర రాసి పోస్టాఫీసులో ఇస్తాడు. అవతలి ఊళ్ళో డబ్బు కట్టించుకుని సరుకు చేతికిస్తారు. ఆ డబ్బు మనియార్డరుగా వెనక్కి వస్తుంది. దుకాణం లేకుండా, ఏజెంటు లేకుండా, మద్రాసులో ఉన్న మనిషి ఎక్కడో పల్లెలో ఉన్న మనిషికి పుస్తకమో మందుసీసానో అమ్మొచ్చు. ఇప్పుడు మనం డీటూసీ అని ముచ్చటగా పిలుచుకుంటున్నది ఇదే కదా.

ఈ వ్యాపారానికి రెండో కాలు ప్రకటన. అందులో మనవాళ్ళు తక్కువ తినలేదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టారు. మద్రాసులో కేసరి కుటీరం పెట్టి లోధ్ర అనే స్త్రీల మందు అమ్మిన కె.ఎన్. కేసరి, 1928లో స్త్రీల కోసమే గృహలక్ష్మి పత్రిక తెచ్చారు. వాళ్ళ ఉద్దేశాలు వ్యాపారం కన్నా పెద్దవే, సందేహం లేదు. అయినా సరుకూ పత్రికా ఒకే ఇంటి నుంచి రావడం చూస్తే, కంటెంట్ మార్కెటింగ్ గురించి ఇవాళ పాఠాలు చెప్పేవాళ్ళని చూసి నవ్వొస్తుంది.

అసలు చిక్కు నమ్మకం దగ్గర. డబ్బు ముందా, సరుకు ముందా? వీపీపీ ఆ రెంటినీ గుమ్మం దగ్గర కలిపింది. కానీ ఎవడో ఆర్డరే ఇవ్వని మనిషికి పార్సిల్ పంపి డబ్బు గుంజితే? 1898 పోస్టాఫీసు చట్టంలోని 35వ సెక్షన్ ఈ సంగతి పట్టించుకుంది. నిజంగా ఆర్డరు వచ్చాకే పంపుతున్నానని అమ్మేవాడు రాసివ్వాలని నిబంధన పెట్టే వీలుండేది. మోసం జరిగిందనుకుంటే వసూలైన డబ్బు ఆపి, కొన్నవాడికి తిరిగి ఇచ్చే వీలుండేది. ఆ చట్టం ముందుగా అనుమానించింది అమ్మేవాణ్ణి.

అలాగని అమ్మేవాడికి నష్టాలు లేవని కాదు. తీసుకోకుండా తిప్పి పంపిన వీపీల మీద పత్రికలవాళ్ళు మొత్తుకుంటూనే ఉండేవాళ్ళు. ఇవాళ దాన్నే ఆర్‌టీఓ అంటున్నారు, రవాణా ఆఫీసు కాదు, రిటర్న్ టు ఒరిజిన్. రానుపోను కొరియర్ ఖర్చు బ్రాండు నెత్తినే. తిరిగొచ్చిన డబ్బా నలిగిపోయుంటే సరుకు కూడా పోయినట్టే. నిజంగా డెలివరీ అయిన ఆర్డర్ల డబ్బును కూడా కొరియర్ కంపెనీ కొన్నాళ్ళు తన దగ్గరే ఉంచుకుని ఇస్తుంది. చిన్న బ్రాండ్లకి ఇది ప్రాణసంకటం, వాళ్ళ బాధ ఒట్టిది కాదు.

దానికి కనిపెట్టిన మందు మాత్రం నాకు మింగుడుపడదు. ఆర్డరు రాగానే సాఫ్ట్‌వేర్ కొన్నవాణ్ణి తూకం వేస్తుంది. ఫోన్ నంబరు పాత ఆర్డర్లు, అడ్రసు ఎంత వివరంగా ఉంది, అన్నిటికీ మించి పిన్‌కోడ్. ఎక్కువ పార్సిళ్ళు తిరిగొచ్చే పిన్‌కోడ్ అయితే అక్కడ క్యాష్ ఆన్ డెలివరీ తీసేస్తారు. ఒకే పేరున్న ఊళ్ళ మధ్య ఉత్తరాలు దారి తప్పకూడదని 1972 ఆగస్టు 15న మొదలైన అంకెలవి. ఇప్పుడు ఊరి పరపతికి కొలతలయ్యాయి. "గుడి ఎదురుగా, రామారావుగారి ఇల్లు" అన్న అడ్రసు పోస్ట్‌మేన్‌కి చాలు. మా లాంటివాళ్ళం రాసే కోడ్‌కి అది అనుమానాస్పదం. పైగా తిరిగొచ్చిన పార్సిళ్ళన్నీ కొన్నవాళ్ళు కాదన్నవేనా? ఇంటిదాకా రాకుండానే "కస్టమర్ అందుబాటులో లేరు" అని కొట్టేసినవి కూడా అదే లెక్కలో పడతాయి. ఆ పక్కవీధిలో ఉంటూ, జన్మలో ఒక్క పార్సిలూ తిప్పి పంపని మనిషికి తెరమీద కనిపించేది ఒక్కటే, మీ పిన్‌కోడ్‌కి ఈ సదుపాయం లేదు. ఎందుకు లేదో అడగడానికి అక్కడ కిటికీ లేదు, పోస్టుమాస్టరు లేడు.