ముందు మీరే తాగండి

1899 డిసెంబరు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో, కొలెన్సో దగ్గర, డచ్చి సంతతి బోయర్ల చేతిలో బ్రిటిష్ సైన్యం చావుదెబ్బ తింది. గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ల మీద చీవ్లీ క్యాంపుకు మోస్తున్నది నేటాల్ భారతీయులు. వాళ్లను కూడగట్టింది గాంధీ, గాయాలకు కట్టు కట్టడం నేర్పింది డాక్టర్ బూత్. మొత్తం 1,100 మంది. అందులో 800 మంది చెరకు తోటల గిరిమిట్ కూలీలు, అంటే ఒప్పందపు కూలీలు.

నేటాల్ తోటల్లో మద్రాసు ఓడలు దింపిన తమిళులూ తెలుగువాళ్లూ ఉన్నారు. రాజంపేటలో కరువు తరిమితే రైలెక్కి మద్రాసు చేరినవాడొకడు ఆ వరుసలో ఉన్నాడనుకుందాం. అతనికి నేను పేరు పెట్టను. తోటలో అతను ఒక నంబరు.

స్ట్రెచర్ కర్ర భుజంలోకి దిగబడుతోంది. నాలుక పిడచ కట్టింది. అంతలో ఓ చిన్న వాగు. రాజంపేట పక్కన చెయ్యేటి ఇసకలో చెలమ తోడి, నీళ్లు ఊరేదాకా కూర్చున్నవాడికి ఆ తడి ఏమిటో వేరే చెప్పాలా? కానీ దొరల సిపాయిలు అక్కడే నిలబడిపోయారు.

"వాళ్లేల తాగరన్నా?"

"మనల్నే ముందు తాగమంటాండారు!"

మాటలు నా ఊహ. వాగు మాత్రం నిజం. ముందు మీరంటే మీరని ఇరుపక్షాలూ కాసేపు పోటీపడ్డాయని గాంధీ రాసుకున్నారు.

జనవరిలో స్పియన్‌కాప్ కొండ మీద మరో పోరు. అప్పటిదాకా కాల్పుల గీత దాటి లోపలికి వెళ్లనవసరం లేదన్నది ఒప్పందం. బ్రిటిష్ సేనాని జనరల్ బుల్లర్ కబురు పంపాడు: బలవంతం లేదు, వస్తే మేలు. వీళ్లు వెళ్లారు. తలకు గుండు తగిలిన జనరల్ వుడ్‌గేట్‌నూ మోశారు. కొన్నాళ్లు రోజుకు 20, 25 మైళ్ల నడక. రాజంపేట నుంచి రైల్వేకోడూరు దాకా, భుజాన మనిషితో.

ఏ దొర మోశాడో, ఏ కూలి మోశాడో నెత్తురోడుతున్నవాడు అడగలేదు. అడిగింది చట్టం. 1895 నాటి ఆ చట్టం ప్రకారం కొత్తగా వచ్చిన కూలీ ఐదేళ్ల ఒప్పందం ముగిశాక అక్కడే ఉంటే ఏడాదికి 3 పౌన్లు కట్టాలి.

ఆరు వారాలకు దళాన్ని రద్దు చేశారు. 37 మంది నాయకులకు పతకాలు వచ్చాయి. రాజంపేట మనిషి తోటకు తిరిగెళ్లి, కత్తి అందుకుని, కోత మొదలుపెట్టాడు.