పుర్రచెయ్యి వాటం ఎక్కడి నుంచి వస్తుంది?

మస్కట్‌లో దిగిన కొత్తలో మనకు ముందుగా పట్టుబడే అరబ్బీ మాటల్లో యమీన్, యసార్ ఉంటాయి. కుడి, ఎడమ. ఈ రెండు మాటలతోనే టాక్సీవాడికి రువి నుంచి ఘలా దాకా దారి చెప్పేసే మనవాళ్ళు ఎందరో! యమీన్ అంటే ఒట్టు అనే అర్థం కూడా ఉంది. యసార్ అంటే సుఖం, కలిమి అని కూడా అర్థం. ఎడమను నేరుగా పేరు పెట్టి పిలవడం ఇష్టం లేక ఇలా మంచి పేరు పెట్టారంటారు. మన ఊళ్ళో రాత్రిపూట పామును పాము అనకుండా ‘పురుగు’ అన్నట్టు.

తెలుగులో మనం అంత మర్యాద కూడా పాటించలేదు. నమ్మకస్తుడు కుడిభుజం, ఎడంచేత్తో రాసేవాడు పుర్రచెయ్యోడు. ఇందులో ఇంకో చిత్రం ఉంది. సంస్కృతంలో సవ్యం అంటే ముఖ్యమైన అర్థం ఎడమ. అర్జునుడికి సవ్యసాచి అని పేరు వచ్చింది ఎడంచేత్తో కూడా బాణం వేయగలడనే. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, తద్దినాలప్పుడు కుడి భుజం మీదికి మారిస్తే అపసవ్యం. అదే మాట తెలుగులోకి వచ్చి స్థిరపడేసరికి సవ్యం అంటే సరైనది, అపసవ్యం అంటే తప్పు అయి కూర్చుంది. పాపం, ఎడమకు దక్కిన ఒక్క మంచి మాటనూ కుడే పట్టుకుపోయింది.

ఇప్పుడు ఈ గొడవ ఎందుకంటే, శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు చాలామందికి వినపడే మాట ఒకటి ఉంది. ‘మీ వాడు పలక మీద ఎడంచేత్తో రాస్తున్నాడు, ఎంత చెప్పినా వినడం లేదు, నువ్వన్నా గట్టిగా చెప్పు’ అని. ఇక్కడి నుంచి మనం ఏం చేస్తాం? రెండు తగిలించమని చెప్తాం. కొందరి ఇళ్ళలో ఆ చేతికి గుడ్డ కట్టేస్తారు కూడా. ఆ పిల్లవాడి చేతిలో ఉన్నది మొండితనమా, ఇంకేదన్నానా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి డాక్టర్లకు నూట అరవై ఏళ్ళు పట్టింది. ఆ కథ పారిస్ దగ్గర మొదలవుతుంది.

అక్కడి బిసెత్ర్ ఆస్పత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ముప్పై ఏళ్ళ వయసులో మాట పడిపోయింది. ఏం అడిగినా నోటి నుంచి ‘టాన్, టాన్’ అనే శబ్దమే వచ్చేది. అందుకని అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. చెప్పింది అర్థమయ్యేది, జవాబు మాత్రం వచ్చేది కాదు. తర్వాత తర్వాత కుడి చెయ్యి, కుడి కాలు కూడా పడిపోయాయి. 1861 ఏప్రిల్‌లో అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే డాక్టర్ మెదడు తీసి చూస్తే, ఎడమ సగంలో ముందు భాగాన దెబ్బ కనిపించింది. ఆ తర్వాత మాట పోయిన మరికొందరి మెదళ్ళు చూశాడు. దాదాపు అందరిలోనూ దెబ్బ ఎడమ సగంలోనే! ‘మనం మాట్లాడేది ఎడమ మెదడుతో’ అని బ్రోకా 1865లో ప్రకటించాడు. నిజానికి మార్క్ డాక్స్ అనే చిన్న ఊరి డాక్టర్ 1836లోనే ఈ సంగతి రాసిపెట్టాడు. పట్టించుకున్నవాళ్ళు లేరు. అతని కొడుకు ఆ కాగితాలను 1865లో అచ్చు వేయించాడు.

మన ఊళ్ళలో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళను గుర్తుచేసుకోండి. కుడిపక్క పడిపోయినవాళ్ళకు చాలామందికి మాట కూడా పోతుంది. ఎడమపక్క పడిపోయినవాళ్ళు ఎక్కువమంది మాట్లాడుతూనే ఉంటారు, మూతి వంకర వల్ల ముద్దగా వచ్చినా సరే. కారణం ఇదే. శరీరం కుడి సగాన్ని మెదడు ఎడమ సగం నడుపుతుంది, ఎడమ సగాన్ని కుడి మెదడు నడుపుతుంది. నరాలు కిందికి దిగేటప్పుడు అడ్డంగా దాటుకుంటాయి.

దాంతో అప్పటి డాక్టర్లు చాలామంది ఒక లెక్క వేసుకున్నారు. కుడిచేతివాళ్ళకు మాట ఎడమ మెదడులో ఉంటే, ఎడమచేతివాళ్ళకు కుడి మెదడులో ఉండాలి కదా, అద్దంలో బొమ్మలాగా! వినడానికి బాగుంది. కానీ అది నిజం కాదని తేలింది. జపాన్ డాక్టర్ జున్ వాడా 1949లో ఒక పద్ధతి కనిపెట్టాడు. మెడలోని రక్తనాళం ద్వారా మందు పంపి మెదడులో ఒక సగాన్ని కొద్ది నిమిషాలు నిద్రపుచ్చుతారు. ఆ సమయంలో మాట ఆగిపోతే మాట ఉన్నది ఆ సగంలోనే అన్నమాట. ఈ పద్ధతితో కెనడాలోని మాంట్రియల్‌లో ఎన్నో ఏళ్ళు పరీక్షించి 1977లో లెక్క ఇచ్చారు. కుడిచేతివాళ్ళలో నూటికి 96 మందికి మాట ఎడమ మెదడులోనే ఉంది. ఎడమచేతివాళ్ళలోనూ నూటికి 70 మందికి ఎడమ మెదడులోనే. మిగతావాళ్ళలో సగం మందికి కుడి మెదడులో, సగం మందికి రెండింటిలోనూ ఉంది. అంటే ఎడమచేతివాడు తిరగేసిన కుడిచేతివాడు కాదు. వాళ్ళలో రకాలు ఎక్కువ, అంతే.

మరి ఇది వంశంలో వస్తుందా? కొంత వస్తుంది. తల్లీతండ్రీ ఇద్దరూ కుడిచేతివాళ్ళయితే పదిమంది పిల్లల్లో సుమారు ఒకరు ఎడమచేతి వాటంతో పుడతారు. ఒకరిది ఎడమచెయ్యి అయితే ఐదుగురిలో ఒకరు, ఇద్దరిదీ అయితే నలుగురిలో ఒకరు. చూశారా, అమ్మానాన్నా ఇద్దరూ పుర్రచేతివాళ్ళయినా పిల్లల్లో ఎక్కువమంది కుడిచేతివాళ్ళే! ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో కూడా సుమారు ఐదు జంటల్లో ఒక జంటకు చేతులు వేరువేరుగా ఉంటాయి. జన్యువుల వాటా దాదాపు నాలుగో వంతే అంటున్నారు. మిగతాది చాలావరకు మెదడు కట్టుకునేటప్పుడు జరిగే యాదృచ్ఛికం. కాబట్టి ‘మా వైపు ఎవరికీ లేదు, మీ వైపు నుంచే వచ్చింది’ అని అత్తగారు కోడలిని అనడానికి పెద్దగా ఆధారం లేదు.

ఎడంచేతికి ఒక్క జన్యువు ఉంటుందని చాలాకాలం వెతికారు. దొరకలేదు. 2019లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు సుమారు 4 లక్షల మంది వివరాలు చూసి నాలుగు చోట్ల తేడాలు పట్టుకున్నారు. ఆ తర్వాతి ఏడాదే 17 లక్షల మందికి పైగా చూసిన ఇంకో పరిశోధనలో 41 చోట్లు దొరికాయి. ఒక్కొక్కటి చేసే పని చాలా కొద్ది. వీటిలో కొన్ని నరాల కణాల లోపలి సన్న గొట్టాల కట్టడానికి సంబంధించినవి. బిల్డింగుకు స్కఫోల్డింగ్ ఎలాగో, పెరిగే మెదడు కణానికి అవి అలాగ.

ఇదంతా పలక పట్టుకునే వయసుకు ఎప్పుడో ముందే జరిగిపోతుంది. బెల్‌ఫాస్ట్‌లో స్కానింగ్‌లో కడుపులోని బిడ్డలు ఏ బొటనవేలు చప్పరిస్తున్నారో చూసి రాసుకుని, 10-12 ఏళ్ళు వచ్చాక 75 మందిని మళ్ళీ పరీక్షించారు. ఫలితం 2005లో వచ్చింది. కుడి వేలు చప్పరించిన 60 మందీ కుడిచేతివాళ్ళే అయ్యారు. ఎడమ వేలు చప్పరించిన 15 మందిలో 10 మంది ఎడమచేతివాళ్ళయ్యారు, ఐదుగురు కుడికి మారారు. తల్లి కడుపులో ఎవరు నేర్పారు వాళ్ళకు?

కొట్టి మారిస్తే మారదా అంటే, చెయ్యి మారుతుంది. ఇంగ్లండులో 1900 ప్రాంతంలో పుట్టినవాళ్ళలో ఎడమచేత్తో రాసేవాళ్ళు నూటికి ముగ్గురే. బడిలో బెత్తం తగ్గాక ఆ లెక్క పదికి చేరింది. ప్రపంచం మొత్తం మీద కూడా ఇప్పుడు సుమారు పదే. రెండు తరాల్లో జన్యువులు మారవు, మారింది బెత్తమే. చిన్నప్పుడు బలవంతంగా కుడికి మార్చినవాళ్ళు పెద్దయ్యాక రాస్తుండగా మెదడు స్కానింగ్ తీసి చూసిన పరిశోధన ఒకటి 2002లో వచ్చింది. కుడిచేత్తో చక్కగా రాస్తున్నా, రాతను సిద్ధంచేసే కొన్ని భాగాలు కుడి మెదడులో ఎడమచేతివాళ్ళలాగే పనిచేస్తూ కనిపించాయి. మారిస్తే నత్తి వస్తుందని 1930ల్లో అమెరికాలో గట్టి వాదం ఉండేది. అది రుజువు కాలేదు కాబట్టి ఆ భయం పెట్టడం లేదు. దెబ్బలు, బడి అంటే విసుగు చాలవా?

తినే చెయ్యి సంగతి వేరు. మెస్‌లో నలుగురితో కూర్చున్నప్పుడు, ఒమానీ ఇంట్లో కహ్వా కప్పు అందుకునేటప్పుడు కుడిచెయ్యే మర్యాద. అది పుర్రచేతివాళ్ళు కూడా తేలిగ్గానే నేర్చుకుంటారు, నేర్పవచ్చు. రాతకు, పనిముట్టుకు మాత్రం వాళ్ళ చేతినే వాళ్ళకు వదిలేయాలి. మన సైట్లలో పుర్రచేతి మేస్త్రీలు, ఫిట్టర్లు ఉన్నారు కదా. చాలా గ్రైండర్లకు పక్కపిడిని రెండోవైపు బిగించుకునే మర ఉంటుంది. పిడి మార్చినప్పుడు గార్డు కూడా తిప్పి సరిచేసుకోవాలి, తీసేయకూడదు.

ఈసారి ఫోన్‌లో ఇంటికి చెప్పాల్సింది ఇది: పుస్తకాన్ని పిల్లవాడికి ఎదురుగా కాక కొంచెం ఎడమకు జరిపి, పై అంచు కుడివైపు వాలేటట్టు పెట్టమనండి. అప్పుడు మణికట్టు కొక్కెంలా వంచే అవసరం ఉండదు, రాసిందంతా చేత్తో చెరిపేసుకోడు. పెన్సిల్ కొన నుంచి రెండు వేళ్ళ దూరంలో పట్టుకోమనండి. బెంచీ మీద ఎడమ చివర కూర్చోబెట్టమని టీచర్‌ను అడగమనండి, పక్కవాడి మోచెయ్యి తగలదు.