వన్-ఆఫ్ అను ఆంగ్ల విశేషణము

ఒక్కమారు మాత్రమే జరుగు కార్యమును గాని, ఒక్కటి మాత్రమే చేయబడిన వస్తువును గాని తెలుపుటకు ఆంగ్లమున, విశేషించి బ్రిటిషు ఆంగ్లమున, మిక్కిలి వాడుకలోనున్న విశేషణము వన్-ఆఫ్. ఇది నామవాచకముగను ప్రయోగింపబడును. సాటిలేని మనిషిని ప్రశంసించునపుడు సయితము ఈ మాటనే వాడుదురు. అమెరికనులకు వన్-టైమ్, వన్-షాట్ అనునవి ఎక్కువ పరిచితములు. ఐర్లండు, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలలో వన్స్-ఆఫ్ అను రూపాంతరము వినబడును.

ఈ పదము జన్మించినది పండితుల గ్రంథాలయమున గాదు, లోహమును కరగించి పోతపోయు కార్ఖానాలో. ఒక నమూనానుండి ఎన్ని భాగములు తీయవలెనో తెలుపుటకు బ్రిటిషు యంత్రశాలలలో సంఖ్య ప్రక్కన ఆఫ్ అని వ్రాయు ఆచారము కలదు; సిక్స్ ఆఫ్ అనగా ఆరు చేయుడని పనివానికి ఆజ్ఞ. మన దేశమున మెషీన్ డ్రాయింగు చదువుకొనువారు భాగముల పట్టికలో నంబర్ ఆఫ్ అను శీర్షికను చూచియుందురు. అది ఆ ఆచారపు జాడయే. విశేషణరూపమున ఈ మాటకు ఆక్స్‌ఫర్డు నిఘంటువు చూపిన తొలి ప్రయోగము 1934 నాటిది. అదియును బ్రిటిషు పోతపని నిపుణుల సంస్థవారి ప్రచురణలోనిదే.

ఆ వృత్తిలో ఈ మాటకు ఎంత బరువున్నదో తెలియవలెనన్న పోతపని లెక్కను కొంచెము తెలిసికొనవలెను. నేర్పరియైన వడ్రంగి దినములతరబడి చెక్కిన కొయ్య నమూనాను ఇసుకలో నొక్కి, ఏర్పడిన గుంటలో కరగిన ఇనుమును పోసి, అట్లు వందలకొలది వస్తువులను తీసినచో, నమూనాకైన వ్యయము ఆ వందలమీదను పంచబడి స్వల్పమగును. కాని కావలసినది ఒక్కటేయైనప్పుడు ఆ వ్యయమంతయు ఆ ఒక్కదానిమీదనే పడును. అందుచేత గుండ్రని వస్తువు ఒక్కటి చాలునన్నచోట, పూర్తి నమూనాను చెక్కక, నిలువు ఇరుసునకు తగిలించిన పలకను చుట్టును త్రిప్పి ఇసుకలో ఆకృతిని దీయుట పోతపనివారు కనిపెట్టిన ఉపాయము. కావున వన్-ఆఫ్ అనునది మొదట అపురూపతను చాటు మాట కానేకాదు. ఎన్ని చేయవలెను, ఎట్లు చేయవలెను అనువానిని తేల్చు మాట.

రెండవది ఉండదని చేయించువాడే నిశ్చయించును గనుక కార్ఖానాలో ఈ మాటకు సందేహములేదు. వస్తువులనుండి సంఘటనలకు ఈ పదము మరలినప్పుడు ఆ అధికారము ఎవనిచేతను ఉండదు. జరిగినదానిని వర్ణించుచున్నట్లు కనబడుచునే, జరుగబోవు కాలమును గూర్చి ఇది ఒక జోస్యము చెప్పును. ఇక జరుగదని ముందుగానే పలుకును. ఈ పదమునందలి కష్టమంతయు ఇక్కడనే యున్నది.

క్రికెట్టునందు ఈ కష్టము తక్కువ. అక్కడ సంఖ్యను కార్యక్రమ నిర్ణేతలే ఏర్పరతురు. 2017 ఫిబ్రవరిలో హైదరాబాదు ఉప్పల్ మైదానమున భారత బంగ్లాదేశ్ జట్లు ఆడినది వన్-ఆఫ్ టెస్టు. తెలుగు పత్రికలు ఇట్టిదానిని ఏకైక టెస్టు అని వ్రాయును. కోహ్లీ 204 పరుగులు తీసెను. భారతజట్టు 208 పరుగుల తేడాతో గెలిచెను. 2000లో టెస్టు హోదా పొందిన బంగ్లాదేశమునకు భారతభూమిపై అదియే మొదటి టెస్టు. 2019లో ఆ జట్టు మరల వచ్చి రెండు టెస్టులు ఆడెను. అంతమాత్రమున హైదరాబాదు టెస్టు ఏకైకత చెడలేదు, ఏలననగా ఆ మాట ఆ పర్యటనకు మాత్రమే చెందినది.

ఖగోళశాస్త్రమున ఇట్లు కాదు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ దూరదర్శిని 2001లో గ్రహించిన, సెకనులో రెండువందలవ వంతుకన్న తక్కువ కాలము నిలిచిన ఒక తీవ్ర రేడియో మెరుపును డంకన్ లోరిమర్ బృందము 2007లో వెల్లడించెను. అది మరల కనబడలేదు. అట్టి మెరుపులు ఏదో నక్షత్రము నశించునపుడు పుట్టునని, కావున ఒక్కొక్కటి ఒక్కమారే రాగలదని కొందరూహించిరి. అయితే అరెసిబో దూరదర్శిని 2012లో పట్టిన వేరొక మెరుపు అదే చోటునుండి మరల మరల వచ్చుచున్నదని 2016లో తేలెను. ఆ మూలము విషయమున వినాశ సిద్ధాంతము అంతటితో తొలగెను. నేటి శాస్త్రజ్ఞులు మిగిలినవానిని ‘మరల వచ్చినట్లు కనబడనివి’ అని మాత్రమే చెప్పుదురు. ఆ జాగ్రత్త మెచ్చదగినది.

ప్రభుత్వ వ్యవహారములలో ఈ విశేషణమును మరింత శంకించి చదువవలెను. భారతప్రభుత్వము 1990లో రైతుల అప్పులు మాపెను; 2008లో మరల మాపెను; ఆ రెండవ పథకమున పెద్దరైతులకిచ్చిన నాలుగవవంతు తగ్గింపునకు వన్-టైమ్ సెటిల్‌మెంట్ అనియే పేరు.

తెలుగున దీనికి సరియైన ఒక్క మాట దొరకుట కష్టము. ఒకేసారి అన్నచో ఒక్కమారు మాత్రమే అనియు, అందరును కలిసి ఏకకాలమున అనియు రెండర్థములు వచ్చును. అపూర్వము మునుపు లేదనునే గాని ఇకపై రాదనదు. అద్వితీయమున పొగడ్త చేరును. మరియొక చిక్కు లిపివలన గలిగినది: ఆంగ్లమున భిన్నములైన రెండు చిన్న మాటలు మన లిపిలో ఆఫ్ అనియే వ్రాయబడుటచే, అనేకములలో ఒకటి అను అర్థమిచ్చు వన్ ఆఫ్, ఒకే ఒక్కటి అను వన్-ఆఫ్ చూపునకు ఒక్కటే యగుచున్నవి.

సంస్కృతమున ఒక్కమారు అనుటకు సకృత్ అను చక్కని అవ్యయము కలదు. అరటికి సకృత్ఫల అని పేరు. ఆ పేరు యథార్థము, గెల వేసిన బోదె మరల కాయదు, దుంపనుండి పుట్టిన పిలకయే కాయవలెను. కాకికి అమరకోశము సకృత్ప్రజ అను పేరునిచ్చినది. ఒక్కమారే సంతానము గనునని దాని భావము. కాకి యేటేట గూడు కట్టి పిల్లలను పెంచుట మన పెరటిచెట్టే చూపుచున్నది. ఒకే అవ్యయము ఒకచోట నిజమును, ఒకచోట పొరపాటును పలికినది.

కావున ఈ పదమును తెలిగించువారు, సంఖ్య ముందే నిర్ణయింపబడిన చోట ఏకైక అనియు, పరిశీలనలో ఒక్కసారి కనబడినదాని విషయమున ఇంతవరకు ఒక్కసారి అనియు వ్రాయుదురుగాక.