దివిసీమ: వరిచేలు, మడయడవులు

పులిగడ్డయొద్ద కృష్ణానది చీలి, రెండు పాయలై సముద్రమున కలియుచున్నది. ఆ పాయల నడుమ, నది తెచ్చిన ఒండ్రుమట్టిపై వెలసిన లంకయే దివిసీమ. చుట్టును నీరే, కాని పైరునకు కావలసిన మంచినీరు మాత్రము సులభముగా లభించినది కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనను, ఈ లంకకు నీరందించుటకు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో డీజిలు యంత్రములతో నదీజలమును తోడవలసి వచ్చెను. పిదప పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ ప్రవహించినది. ఇంత శ్రమకోర్చి పండించిన నేలను ఉప్పు ఒక్కనాటిలో చెఱచగలదు.

1977 నవంబరు 19న అదియే జరిగెను. ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ముంచివేసెను. ఆ తుఫానులో సుమారు 10,000 మంది మరణించిరి. చేలలో ఉప్పు మిగిలినది.

మడయడవి అలల వేగమును తగ్గించును. దాని వేళ్లు ఒండ్రును పట్టి నిలుపును. చేపపిల్లలు, రొయ్యపిల్లలు ఆ వేళ్లనడుమనే పెరుగును. వంటచెఱకునకై దానిని నరికినవారు తమ ఊరి గోడనే నరికిరి. శిస్తు రాని భూమిని బంజరని వ్రాయుట లెక్కలకు అలవాటు. ఆ బంజరు చేసిన కాపలాకు ఏ పద్దునను చోటు లేదు.

1990 దశకమున రొయ్యల చెఱువులు తీరమంతట వ్యాపించెను. ధనము వచ్చెను, నిజమే. గట్టు క్రిందుగా ఊరిన ఉప్పునీటికి పొరుగు రైతు వరి బలియయ్యెను. ఆ ఉప్పును కడుగుటకు మరల కాలువనీరే కావలసివచ్చెను. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరమండలమున, సంప్రదాయ పద్ధతులవి తప్ప, అట్టి చెఱువులను నిషేధించెను. 2005 నాటి కేంద్రచట్టము అనుమతిపత్రముతో వానికి మరల దారి యిచ్చినది.