కాలేజీకీ కడలికీ మధ్య దూరం

నెల్లూరు నుంచి మైపాడు తీరం పాతిక కిలోమీటర్ల లోపే. బస్సెక్కితే గంట పట్టదు. కానీ నెల్లూరు కాలేజీల సభల్లో, శిబిరాల్లో, ర్యాలీల్లో ఆ సముద్రం ఊసు రావడానికి డెబ్బై, ఎనభై ఏళ్లు పట్టింది. ముందు స్వరాజ్యం వచ్చింది. తర్వాత భాష పేరిట రాష్ట్రం, ఆ తర్వాత విప్లవం, అక్షరాస్యత, సారా వరసగా వచ్చాయి. తీరం వంతు చివరికి గాని రాలేదు. విద్యార్థుల్ని క్లాసు గదిలోంచి జనంలోకి తీసుకుపోవాలని ఈ జిల్లాలో నూరేళ్లుగా జరిగిన ప్రయత్నాలను వరసపెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. కార్యక్రమం ఎంత ఘనంగా జరిగిందన్నది పెద్ద లెక్కలోకి రాదు. ఎవరు తలపెట్టారు, ఎన్నాళ్లు నిలబడ్డారు అన్నదాన్ని బట్టే దాని ఫలితం తేలింది.

వెంకటగిరి రాజా వారి పేరు మీద నడిచే వి.ఆర్. కాలేజీ 1920లో కళాశాల అయింది. కాలేజీలు వదిలి రమ్మని గాంధీ పిలుపునిచ్చిందీ అదే ఏడు. మరుసటేడు, 1921 ఏప్రిల్ 7న, పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీ స్వయంగా వచ్చి ప్రారంభించాడు. దాన్ని నిలబెట్టినవారు దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య. అండగా నిలిచినవారిలో పొణకా కనకమ్మ ముఖ్యురాలు. ఆమె 1923లో ఆడపిల్లల కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. అలా జిల్లాలో చదువుకు ఒకేసారి రెండు దారులు ఏర్పడ్డాయి. జమీందారు దయతో నడిచే కాలేజీ ఒకటి, రాట్నం తిప్పుతూ ఊళ్లు తిరిగే ఆశ్రమం ఒకటి. ఆ రోజుల్లో విద్యార్థి చేయగల పెద్ద కార్యక్రమం కాలేజీ మానెయ్యడమే. విడవలూరు దగ్గరి అలగానిపాడు కుర్రాడు పుచ్చలపల్లి సుందరయ్య 1930లో మద్రాసు లయోలా కాలేజీ చదువు వదిలి సత్యాగ్రహంలోకి దూకాడు, జైలుకు పోయాడు. తిరిగొచ్చాక సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టాడు.

ఉప్పు సత్యాగ్రహంతో సముద్రపు ఒడ్డు మొదటిసారి రాజకీయాల్లోకి వచ్చిందనే చెప్పాలి. అయితే అందరి చూపూ ఉప్పు మీదే. ఉప్పుమళ్లలో ఒళ్లు వంచే కూలీ సంగతి, ఆ పక్కనే వలలు ఎండేసుకునే పట్టపువాళ్ల సంగతి అప్పటి ఉపన్యాసాల్లో వెతుక్కోవాలి.

స్వాతంత్ర్యం తర్వాతి పాతికేళ్లను గబగబా దాటొచ్చు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబర్ 15న ప్రాణాలు వదిలినప్పుడు విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక నెల్లూరు కాలేజీలు దాని కిందికి చేరాయి. 1972లో జై ఆంధ్ర ఉద్యమం లేచినప్పుడు నెల్లూరులో ముందు నిలిచిన కుర్రాళ్లలో వి.ఆర్. కాలేజీలో చదువుకున్న వెంకయ్యనాయుడు ఒకరు. నెలల తరబడి చదువులు సాగలేదు. సభకు జనం కావాలంటే కాలేజీ గేటు ముందు నిలబడితే చాలు అన్న పాఠం పార్టీలన్నీ బాగా వంటబట్టించుకున్నాయి. విద్యార్థులకు దీనివల్ల ఒరిగిందేమిటని అడిగితే, నాకు పెద్దగా ఏమీ కనిపించదు.

కావలి కథ వేరు. 1950ల మొదట్లో దొడ్ల రామచంద్రారెడ్డి పూనికతో అక్కడ జవహర్ భారతి కళాశాల వెలిసింది. చిన్న ఊరు, పెద్ద కాలేజీ. తెలుగు చెప్పడానికి వచ్చిన కె.వి. రమణారెడ్డి, అందరూ కేవీఆర్ అనే ఆయన, గురజాడ మీద ‘మహోదయం’ రాసిన పండితుడు, విప్లవ రచయితల సంఘం (విరసం) వ్యవస్థాపకుల్లో ఒకరు. పాఠం చెప్పి ఇంటికి పోయే రకం కాదు, రాతల వల్ల, మాటల వల్ల జైలుకూ వెళ్లారు. కావలి కుర్రాళ్లకు ప్రపంచం గురించి వాదించుకోవడం నేర్పిన వాతావరణం అది. దానికి బ్యానర్లు అక్కర్లేకపోయింది.

ఇంచుమించు అదే కాలంలో ప్రభుత్వమూ తన వంతు మొదలుపెట్టింది. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం, మనం ఎన్.ఎస్.ఎస్. అనేది, పుట్టింది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక వారం రోజుల ప్రత్యేక శిబిరం. కరవు మీద, మురికీ రోగాల మీద, చెట్ల పెంపకం మీద ఏడాదికో నినాదం. బళ్లో బస, ఉదయం రోడ్డుకు మట్టి తోలడం, సాయంత్రం నాటిక, ఆఖరి రోజు సర్పంచి ఉపన్యాసం. మరోవైపు 1970ల మధ్యలో ఏర్పడిన రాడికల్ విద్యార్థి సంఘం ఎమర్జెన్సీ ముగిశాక, 1978 నుంచి, ‘గ్రామాలకు తరలండి’ అంటూ ఎండాకాలం సెలవుల్లో కుర్రాళ్లను పల్లెలకు పంపింది. ఒకరి వెనక సర్కారు గ్రాంటు, మరొకరి వెనక పోలీసు. ఇద్దరి దారులూ కలిసేవి కావు. అయినా ఇద్దరి మనసులోనూ ఊరంటే ఒకటే బొమ్మ: వరి చేలు, భూస్వామి, కూలీలు. సముద్రం ఒడ్డున పాళెం అనే మరో రకం ఊరు ఉంటుందనీ, అక్కడ తగాదా నేల గురించి కాక నీటి గురించి ఉంటుందనీ ఇద్దరికీ పట్టలేదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకున్నప్పుడు రాష్ట్రమంతటి నుంచీ విద్యార్థులు సాయానికి కదిలారు. కాలేజీలకు కడలి తెలిసింది ఉప్పెనగానే. నీళ్లు తీశాక మళ్లీ మరిచిపోయారు.

ఇక ఈ జిల్లా చరిత్రలో ఆగి చూడాల్సిన ఘట్టం 1990ల మొదట్లోది. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లా అయింది. ఆ ఊపు నెల్లూరుకు అందింది. జిల్లా యంత్రాంగం, 1988లోనే పుట్టిన జన విజ్ఞాన వేదిక, టీచర్లు, చదువుకున్న కుర్రకారు, అందరూ కలిసి అక్షరదీపం కార్యక్రమం చేపట్టారు. జీతం లేదు. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటికలు ఆడాయి. ఆ తర్వాత అసలు పని: కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు వంట ముగించాక, దీపం ముందు కూర్చుని వాచకం తెరవడం. పాఠం చెప్పేవాళ్లలో ఆ ఊళ్లోనే ఇంటరో డిగ్రీయో చదివిన పిల్లలు ఉండేవారు.

ఆ వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుబోతు మొగుడు, కష్టాలు పడే ఇల్లాలు. అక్షరాలు నేర్పడానికి పెట్టిన కథ అది. చదివిన ఆడవాళ్లు అక్షరాల దగ్గర ఆగలేదు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. అది చదివిన ఊళ్లు అదే పని చేశాయి. పుస్తకంలోంచి ఊళ్లోకి, ఊళ్లోంచి పుస్తకంలోకి తిరిగిన ఈ కథ సారా వేలంపాటలను ఆపేదాకా పోయింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. మిగిలిన డబ్బు దాచుకోవడం మొదలై, రోజుకో రూపాయి లెక్కన పొదుపులక్ష్మి సంఘాలయ్యాయి.

సామాజికం, ఆర్థికం అని విడదీసి చెప్పే రెండు విషయాలు ఇక్కడ ఒకే సాయంకాలపు బడిలో కలిశాయి. ఇందులో పాఠం చెప్పిన కుర్రాళ్లు చేసింది ఏమిటి? ఉద్యమం నడిపింది వాళ్లు కాదు. సారా సంగతి వాళ్ల ఎజెండాలో మొదట లేదు. రోజూ అదే వేళకు అదే చోటికి నెలల తరబడి వచ్చారు, అంతే. ఎదుటివాళ్లు తమ సొంత సంగతి ఎత్తుకోవడానికి అంత వ్యవధి కావాలి. వారం రోజుల శిబిరంలో అది సాధ్యం కాదు. తలపెట్టిన దానికన్నా వేరే దిక్కుకు మళ్లడమే ఆ కార్యక్రమం గొప్పతనమని నా అభిప్రాయం. అధికారులకు ఇది ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. సారా వేలం ఆదాయం కూడా వాళ్ల ఖాతాలోదే మరి.

మెట్ట ఊళ్లలో ఇది జరుగుతుండగా తీరం మరో రకంగా మారిపోతోంది. 1991 ఫిబ్రవరిలో తీరప్రాంత నియంత్రణ జోన్ ప్రకటన వచ్చింది. అదే ఏడు ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల మొదలైంది. అదే కాలంలో కండలేరు పాయ చుట్టూ రొయ్యల గుంటలు లేచాయి. వరి పండే మళ్లలో ఉప్పునీళ్లు నిలిచాయి, ఊరి బావుల్లో నీళ్లు ఉప్పెక్కాయి, జాలర్లు సముద్రంలోకి దిగే దారులు గట్ల కింద పడ్డాయి. 1994లో తెల్లమచ్చల జబ్బు గుంటల్ని ఊడ్చేసింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర నియంత్రణ జోన్‌లో రొయ్యల గుంటలు కూడవంది. దేశమంతా చర్చ జరిగిన ఈ వ్యవహారం నెల్లూరు కాలేజీ వేదికల మీద పెద్దగా వినబడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఒకే బెంచీ మీద గుంట యజమాని కొడుకూ, మేత కంపెనీ ఉద్యోగం ఆశించే కుర్రాడూ, కూలీ బిడ్డా కూర్చుంటారు. సారా మీద మాట్లాడినంత సులువుగా రొయ్య మీద మాట్లాడలేరు.

పర్యావరణాన్ని కాలేజీలోకి తెచ్చింది చివరికి కోర్టే. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశం పన్నెండేళ్లకు పైగా నలిగి, 2004 నుంచి డిగ్రీ విద్యార్థులందరికీ ఆరునెలల పేపరై వచ్చింది. యాభై పీరియడ్లలో అయిదు క్షేత్ర పరిశీలనకు కేటాయించారు. దగ్గర్లోని నదినో, కలుషితమైన చోటునో చూసి రాయమన్నారు. మంచి ఆలోచనే. ఆచరణలో ఆ అయిదు పీరియడ్లు గైడు పుస్తకంలో పేజీలయ్యాయి. అదే ఏడు డిసెంబర్ 26న సునామీ వచ్చి, సిలబస్‌లో విపత్తుల అధ్యాయం చదువుతున్న పిల్లల కళ్ల ముందే తీరపు ఊళ్లను ముంచింది.

ఈ మధ్యలో సూళ్లూరుపేట వైపు ఫ్లెమింగో పండగ మొదలైంది. 1976లోనే అభయారణ్యాలైన నేలపట్టు, పులికాట్‌లకు కాలేజీ పిల్లలను బస్సుల్లో తీసుకుపోయి పక్షులు చూపించడం మంచిదే. నేలపట్టులో కడప చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతుల్ని చూసిన పిల్లవాడు మరిచిపోడు. కానీ పక్షి దిగే ఆ నీళ్లలోనే వేటాడే జాలరి ఏమంటున్నాడో పండగ వేదిక మీద వినడం అరుదు. రాయదొరువు దగ్గర సరస్సు ముఖద్వారం పూడిపోయిందనీ, ఇసుక తీసి సముద్రపు నీళ్లు లోపలికి రానిస్తే తప్ప చేప ఉండదనీ వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. పక్షులకూ జాలర్లకూ సరస్సు అదే.

2008లో రెండు పెద్ద సంగతులు జరిగాయి. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడింది, కృష్ణపట్నం ఓడరేవు పని మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయానికి సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది, కాకుటూరు క్యాంపస్ ఉంది. ఓడరేవు వెనకే బొగ్గు విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. నేలటూరులో ఎనిమిది వందల మెగావాట్ల యూనిట్లు లేచాయి. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం ఇలాంటి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. షామియానా కింద కలెక్టరు, కంపెనీవాళ్లు, పోలీసులు, నష్టపోయే ఊరివాళ్లు ఒకరికొకరు ఎదురుగా కూర్చునే ఆ ఒక్క రోజులో ఆర్థికశాస్త్రం, పర్యావరణం, పౌరశాస్త్రం మూడూ ఉంటాయి. విద్యార్థులను అక్కడికి తీసుకుపోవడానికి మాత్రం ఏ కాలేజీకీ ధైర్యం చాలదు.

ధైర్యం అక్కర్లేని కార్యక్రమాలకు కొదవ లేదు. 2014 తర్వాత స్వచ్ఛభారత్, సెప్టెంబర్ మూడో శనివారం తీర శుభ్రత దినం, సర్క్యులర్ వచ్చిన ప్రతి దినోత్సవం. టోపీలు, చేతి తొడుగులు, మైపాడులో రెండు గంటలు ప్లాస్టిక్ ఏరడం, ఫొటోలు పోర్టల్లో పెట్టడం. పైగా ఢిల్లీ క్యాలెండరుకూ ఇక్కడి రుతువులకూ పొసగదు. పర్యావరణ దినం జూన్ 5న. అప్పటికి కాలేజీ సరిగ్గా తెరవరు, రోహిణి ఎండ తగ్గదు, నాటిన మొక్కకు నీళ్లుండవు. నెల్లూరుకు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుపాన్లూ అప్పుడే. ఆ రోజుల్లో విద్యార్థులు సెమిస్టర్ పరీక్షల్లో ఉంటారు. తాబేళ్లు గుడ్లు పెట్టేది సుమారుగా జనవరి నుంచి మార్చి దాకా. ఇదే తీరానికి దక్షిణాన, చెన్నైలో, 1988లో కొందరు విద్యార్థులు సొంతంగా సంఘం కట్టుకుని ఆ నెలల్లో రాత్రిళ్లు ఇసుకలో నడుస్తూ తాబేలు గుడ్లను కాపాడుతూ వచ్చారు. ముప్పై ఏళ్లు దాటినా అది ఆగలేదు. దానికి ఏ సర్క్యులరూ లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న అవకాశం ఒకటుంది. 2020-21 నుంచి రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ పిల్లలకు సమాజ సేవా ప్రాజెక్టు తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది చివరి సెలవుల్లో, 180 గంటలు, 4 క్రెడిట్లు. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, లాగ్‌బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి. ఇంచుమించు ఆ సెలవుల్లోనే, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, తూర్పు తీరంలో యంత్రాల పడవలకు వేట నిషేధం. ఆ 61 రోజులూ జాలరి ఒడ్డునే ఉంటాడు, వల బాగుచేసుకుంటూ, పడవకు రంగు వేసుకుంటూ. మాట్లాడడానికి ఖాళీ ఉండేది అప్పుడే. వేట నిషేధ భృతి ఎవరికి అందింది, పడవలో కూలికి పోయేవాడి పేరు జాబితాలో ఉందా లేదా, అప్పిచ్చిన షావుకారుకే చేప అమ్మాలన్న కట్టు ఇంకా ఉందా, బోరునీళ్లు ఎంతకాలంగా ఉప్పగా ఉన్నాయి: ఇవన్నీ డిగ్రీ మొదటి ఏడాది పిల్లవాడు అడిగి రాసుకోగల ప్రశ్నలే. ఇందుకూరుపేట, అల్లూరు, తోటపల్లిగూడూరు మండలాల పాళేల పిల్లలు ఇవాళ ఇవే కాలేజీల్లో చదువుతున్నారు. సర్వే ఊరిని ఎంచుకునేటప్పుడు వాళ్లను మొదట అడగొచ్చు.